చేత్తో తూచి కొన్న కంప్యూటర్

మా పాత్రల అంగట్లో, స్టీలు బిందెల వరుస కింద, ఒక కంప్యూటర్ డబ్బా పడి ఉంది. నల్లటి ఇనుప డబ్బా, పక్కన అద్దం, లోపల రంగురంగుల లైట్లు. వచ్చిన గిరాకీల్లో పదిమందికి ఒకరైనా అడుగుతారు, "ఏంది మే అది, అమ్మేదా?" అని. కాదంటాను. ఎందుకు కాదో చెప్పను. చెప్తే ఆ రోజంతా నాకు అన్నం సయించదు.

ఆళ్ళగడ్డలో మా నాయన పెట్టిన అంగడి ఇది. నేను ఈ అంగట్లోనే నడక నేర్చుకున్నాను. అక్షరాల కంటే ముందు గిన్నెను చేత్తో ఎత్తి మందం చెప్పడం నేర్చుకున్నాను. తక్కెడ అక్కర్లేదు. అరచేతిలో పెట్టుకుని ఒకసారి పైకీ కిందికీ ఆడించి, అంచు మీద వేలి గణుపుతో కొట్టి, శబ్దం వింటే చాలు, ఆ సరుకు జాతకం తెలిసిపోతుంది. తేలిగ్గా ఉంటే రేకు, బరువుంటే సరుకు. ఇందులో నాకు తిరుగులేదని ఊళ్ళో పేరుంది. పెళ్ళి సామాను కొనేవాళ్ళు వేరే అంగట్లో కొని తెచ్చి కూడా నా చేతికి ఇచ్చి, "ఎట్లుండాది చెప్పు మే" అని అడిగిపోతారు. సిగ్గులేని జనం. అంతకంటే సిగ్గులేకుండా నేను చెప్తాను.

మా నాయన నేర్పిన రెండో విద్య బేరం. అమ్మేటప్పుడు బేరం ఎవరైనా చేస్తారు. కొనేటప్పుడు చేయడమే విద్య. దానికి ఒకటే సూత్రం: నీకు కావాలని అవతలివాడికి తెలియకూడదు. వస్తువు వైపు సూటిగా చూడకూడదు. పక్కదాన్ని అడుగుతూ దీన్ని ఓరగా చూడాలి. ఎందుకు కావాలో అసలు చెప్పకూడదు. మా అమ్మ ఒకసారి ప్రొద్దుటూరులో ఒక చీరను చూసి కళ్ళు పెద్దవి చేసిందని మా నాయన అక్కడికక్కడే లేచి చెప్పులు వేసుకున్నాడు. "ఇంక ఈడ పని కాదు. నీ మొగం చూసినాడు వాడు" అన్నాడు. ఆ చీర అమ్మకు దక్కలేదు. నేను మాత్రం ఆ పాఠం మర్చిపోలేదు. ఎప్పుడు మర్చిపోవాలో తెలియకపోవడమే నా ఖర్మ.

కంప్యూటర్ కావలసింది నాకు కాదు, మా చెల్లెలికి. తనకు నలభై దాటినా ఇంట్లో ఇప్పటికీ పాపే. ప్రైవేటు బడుల్లో తెలుగు చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకుంది. నిజంగానే పోయింది. గొంతులో కాయలు కట్టాయన్నారు, ఆపరేషన్ చేశారు, మాట మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు గుసగుసగా వస్తుంది. చెవి దగ్గర పెట్టాలి. మా వీధి చివర రాళ్ళు కోసే మిషన్లు ఆడుతున్నంతసేపు అదీ వినపడదు. బడివాళ్ళు ఏం చేశారు? ఒక శాలువా కప్పారు. పళ్ళెంలో నాలుగు పళ్ళు పెట్టారు. "గొంతొచ్చినాక రండి మేడమ్" అన్నారు. ఆ బడి కోసం అరిచి అరిచి పోయిన గొంతు అది. శాలువాతో సరిపెట్టారు. దాన్ని మా చెల్లెలు బీరువాలో పెట్టుకుంటే నేను తీసి అంగట్లో గాజు సామాను చుట్టడానికి వాడాను.

మాట లేకపోయినా పాపకు వేళ్ళున్నాయి. బడిలో ప్రశ్నపత్రాలన్నీ తనే టైపు చేసేది. తెలుగులో అంత వేగంగా, తప్పు లేకుండా టైపు చేసేవాళ్ళు ఈ చుట్టుపక్కల తక్కువ. నంద్యాలలో నాలుగైదు శాఖలున్న ఒక బడి ఉంది. అక్కడ పరీక్షల పని చూసే మేడమ్‌కు పాప తెలుసు. ఆవిడ కబురు పెట్టింది: టైపు చేసే మనిషి మానేసింది, అన్ని తరగతుల తెలుగు పేపర్లూ బయటికి ఇవ్వాలనుకుంటున్నాం, ఇంట్లో సిస్టమ్ ఉందా అని. పాప పోయి, ఉందని తల ఊపి వచ్చింది. లేదంటే పని పోతుంది కదా! ముందు నమూనాగా రెండు పేపర్లు చేసి సోమవారం పొద్దునకు ఇవ్వమన్నారు. ఇంకొకామెకు కూడా అవే ఇచ్చారట. బాగా చేసినవాళ్ళకు ఏడాది పొడుగునా పని.

ఆ రోజు బుధవారం. ఇంట్లో సిస్టమ్ లేదు.

"తెలిసినోళ్ళను ఎవర్నన్నా తీసుకపోదామక్కా" అంది పాప నా చెవిలో.

నేను ఒప్పుకోలేదు. ఎందుకో చెప్తాను. పెళ్ళిళ్ళకు వంట మాస్టర్లు గిరాకీలను మా అంగడికి తీసుకొస్తారు. "ఈ గుండిగ తీసుకోండి, ఈ జల్లెడ తీసుకోండి" అని వాళ్ళే ఎంపిక చేస్తారు. సాయంత్రం వెనక్కి వచ్చి వాళ్ళ వాటా వాళ్ళు తీసుకుపోతారు. ఆళ్ళగడ్డలో ఏ అంగట్లో అడిగినా ఇదే లెక్క. మరి కంప్యూటర్ తెలిసినవాడికి కంప్యూటర్ అంగడివాడు వాటా ఇవ్వడా? "తెలిసినోడంటే వాటా ఉండేవాడని అర్థం పాపా. మనమే పోదాం. సరుకు ఏదైనా సరుకే" అన్నాను.

ఈ మాట ఇప్పుడు రాస్తుంటే నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తోంది.

గురువారం తెల్లారి బస్సెక్కాం. బోణీ గిరాకీని ఏ అంగడివాడూ పోగొట్టుకోడు, అందుకే తలుపులు తీసే వేళకు ఉండాలని నా ఎత్తు. శిరివెళ్ళ దాటేదాకా పాపకు పాఠం చెప్తూనే ఉన్నాను. "లోపలికి పోయినాక గమ్మునుండు. ఏదీ తాకొద్దు. బాగుండాది అన్నట్టు మొగం పెట్టొద్దు. టైపింగు, బడి, సోమవారం, ఇవేమీ రాకూడదు. మన అక్కర వానికి తెలిసిందా, ధర కూర్చుంటాది."

"నేను మాట్లాడేది ఎవరికి వినబడుతుందిలే" అంది పాప.

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే కూడా నాకు మంటే.

నంద్యాల బస్టాండుకు కొంచెం దూరంలో, మేడ మీద ఉంది ఆ అంగడి. అంగడివాడు ముప్పై అయిదేళ్ళ మనిషి, అప్పుడే ఊదుబత్తీలు వెలిగిస్తున్నాడు. మమ్మల్ని చూసి మా వెనక చూశాడు.

"మగోళ్ళు ఎవరూ రాలేదాక్కా?"

"మగోళ్ళకు అమ్ముతావా, దుడ్లకు అమ్ముతావాప్పా?" అన్నాను.

నవ్వి స్టూళ్ళు వేశాడు. మొదటి దెబ్బ నాదేనని లోపల సంబరపడ్డాను. అప్పుడు అతను అడిగాడు, చాలా మామూలుగా:

"దేనికక్కా కంప్యూటరు? ఏం పని చేసుకుంటారు దాంట్లో?"

పాప చెయ్యి నా కొంగు పట్టుకుని లాగింది. ఏదో చెప్పబోయింది. నేను ఆ చేతిని కొంగు కిందే గిల్లి, "ఏం లేదులేప్పా, ఊరికే ఇంట్లో పడుంటాదని" అన్నాను.

"పిల్లోళ్ళు ఆడుకునేదానికా?"

"ఏదో ఒకటిలే. ఉన్నెవి చూపించు."

మొదట ఒక చిన్న పెట్టె తీశాడు. పుస్తకాల సంచీలో పట్టేంత ఉంది. ఏదో పెద్ద ఆఫీసులో వాడి తీసేసిందట, శుభ్రం చేసి అమ్ముతున్నాడట. "వాడిందే గానీ, రాసుకోడానికీ, నెట్టు చూసుకోడానికీ దీన్ని మించింది లేదక్కా" అని ధర చెప్పాడు. నేను దాన్ని చేత్తో ఎత్తాను. తీరా చూస్తే బరువే లేదు.

"ఏందప్పా ఇది, ఖాళీ టిఫిను డబ్బా మాదిరి ఉండాది! దీనికింత ధరనా?"

"లోపలుండే డిస్కు వేరేరకమక్కా. తేలిగ్గా ఉంటాది, పని ఫాస్టు."

"తేలిక గిన్నె కూడా బేగానే కాగుతాదిలే. బేగానే మాడుతాది కూడా."

అప్పుడు అతను నన్ను చూశాడు. ఆ చూపు నాకు తెలియనిదా? గిరాకీ ఏం చూసి కొంటుందో దొరికినప్పుడు అంగడివాడు చూసే చూపు అది. రోజుకు పదిసార్లు నేను చూసే చూపే. అవతలి వైపు కూర్చుని ఎప్పుడూ చూడలేదు కాబట్టి గుర్తుపట్టలేదు.

లోపలికి పోయి రెండు చేతులతో మోసుకొచ్చాడు ఈ నల్ల డబ్బాను. బల్ల మీద పెడితే బల్ల కిర్రుమంది. మీట నొక్కగానే పచ్చ, ఎరుపు, నీలం లైట్లు గిర్రున తిరిగాయి. నేను ఎత్తి చూశాను. భుజం పట్టేసింది. పక్క రేకు మీద గణుపుతో కొట్టాను. ఖంగుమంది.

"ఇది సరుకప్పా."

"నీకు తెలుసక్కా! శానామంది వస్తారు, నీ మాదిరి ఎత్తి చూసినోళ్ళు లేరు."

ఛాతీ పొంగింది నాకు. ఆ పొంగు ఇప్పటికీ గుర్తుంది. వాడు ఆ తర్వాత ఐ ఫైవ్ అన్నాడు, ర్యామన్నాడు, జనరేషనన్నాడు, పూర్తిగా కొత్తదన్నాడు. నేను ఒక్క ప్రశ్న వేయలేదు. అడిగితే తెలియదని తెలిసిపోతుంది కదా! గుళ్ళో మంత్రాలకు ఊపినట్టు అన్నింటికీ తల ఊపాను. పాప మళ్ళీ నా చెవి దగ్గరికి వచ్చి, "ఒక్క ముక్క తెలుగు టైపు చేసి చూస్తాను, కూర్చోనియ్యి" అంది. "గమ్మునుండు. ఆశపడినట్టు ఉంటాది" అన్నాను.

ఇక బేరం. ఆ బేరం గురించి రాయాలంటే నాకు చెయ్యి రావడం లేదు గానీ, బేరంగా చూస్తే మంచి బేరమే. సగంలో లేచాను. చెప్పులు వేసుకున్నాను. మెట్లు దిగాను. దిగుతూ ఎదురంగడి బోర్డు పైకి చదివాను. "రాక్కా, రా! బోణీ గిరాకివి, నీతో ఏమి వాదం" అని వాడు పిలిచాక కూడా కింది మెట్టు మీద కాసేపు నిలబడ్డాను. తెర, కీబోర్డు, మౌస్ అన్నీ కలిపి ధర దిగింది. దిగినా నేను ఊరుకోలేదు. కొసరు అడిగాను. మా అంగట్లో బిందె కొన్నవాళ్ళకు చెంబు ఇస్తాం, కుక్కర్ కొన్నవాళ్ళకు గరిటె ఇస్తాం. నువ్వేమిస్తావని నిలదీశాను. వాడు ప్రాణం పీకినట్టు మొహం పెట్టి ఒక్కొక్కటే తీశాడు: స్పీకర్లు, బొమ్మ ఉన్న మౌస్ చాప, దుమ్ము పడకుండా గుడ్డ, చివరికి తలకు పెట్టుకునే మైకు. గెలిచినవాళ్ళ మాదిరి అన్నీ సంచీలో వేసుకుని బయటపడ్డాను. మాట రాని మనిషికి స్పీకర్లు, మైకు. ఆ సంగతి నాకు బస్సులో కూడా తట్టలేదు.

పాప కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆళ్ళగడ్డ దాకా ఒక్క మాట అనలేదు. గొంతు లేక కాదు.

శుక్రవారం పొద్దున ఇంట్లో ఒక మేజా సర్ది దాన్ని పెట్టాం. లైట్లు దేవుడి రథం మాదిరి వెలిగాయి. వెలిగి, తిరిగి, తిరిగి, లోపలెక్కడో పాత కుట్టుమిషను తొక్కినట్టు కిర్ కిర్ అని, ఎంతకో తెర మీద బొమ్మ వచ్చింది. పాప టైపు మొదలుపెట్టింది. తన వేళ్ళు వాక్యం చివర ఉంటే తెర మీద అక్షరాలు ఇంకా మొదటి మాట దగ్గర ఉన్నాయి. ఆగి చూస్తే అన్నీ ఒక్కసారిగా గుంపుగా వచ్చి పడ్డాయి, కొన్ని రాకుండా. ఒత్తులు ఉండాల్సిన చోట ఖాళీ గళ్ళు. పద్యం పెట్టిన చోట చతురస్రాలు. ఆపి మళ్ళీ వెలిగించింది. మళ్ళీ కిర్ కిర్. మధ్యాహ్నానికి సగం పేపరు పూర్తి చేసింది. భద్రం చేయబోతే తెర తెల్లగా అయిపోయింది. అలాగే ఉండిపోయింది. ఆ తెలుపు చూస్తూ ఇద్దరం కూర్చున్నాం. పోయింది. పొద్దుటి నుంచి చేసినదంతా పోయింది.

అంగడివాడికి ఫోన్ చేశాను.

"ఆపి మళ్ళా వెయ్యక్కా."

"శానాసార్లు ఆపి వేసినాంప్పా!"

"అట్లైతే అప్‌డేట్ అవుతాందేమోలే. రాత్రంతా వదిలెయ్యి, సర్దుకుంటాది."

"ఏంది సర్దుకునేది? అది అన్నమా ఉమ్మగిలేదానికి?"

ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత ఎత్తలేదు. నేను మా చెల్లెలి ఫోన్‌తో చేశాను, పక్కింటివాళ్ళ ఫోన్‌తో చేశాను. కొత్త నంబరైతే ఎత్తుతాడు, నా గొంతు వినగానే పెట్టేస్తాడు. నా గొంతంటే ఊళ్ళో వినపడనివాళ్ళు లేరు. నంద్యాలలో ఒక్కడికే వినపడలేదు.

అప్పుడు పాప లేచింది. కొసరు సంచీలోంచి ఆ మైకు తీసి నా ఒళ్ళోకి విసిరింది. నా చెవి దగ్గరికి రాలేదు. దూరం నుంచే, మెడ నరాలు తేలేటట్టు, గాలిలో పెదవులు కదిపింది. శబ్దం లేదు. అయినా నాకు ప్రతి అక్షరం వినపడింది.

"ఇది నాకేమిటికక్కా?"

అరవద్దని డాక్టరు ఏడాదిగా చెప్తున్నాడు. నా కోసం అరిచింది.

శనివారం ఆ డబ్బాను మోసుకుని మళ్ళీ బస్సెక్కాం. మొన్న నన్ను మురిపించిన బరువంతా ఇప్పుడు నా తొడల మీద కూర్చుంది. కండక్టరు చూసి, "ఇది లగేజీమ్మా, టికెట్ కొట్టాల" అన్నాడు.

"ఒళ్ళో పెట్టుకుంటే లగేజీనాప్పా?"

"ఒళ్ళో పట్టేదైతే కాదు. ఇది పక్క సీటులోకి వస్తాంది."

బేరం ఆడలేదు. టికెట్ తీసుకున్నాను. పాప నా వైపు ఆశ్చర్యంగా చూసింది. నాకు ఒంట్లో బాగాలేదేమో అనుకుని ఉంటుంది.

అంగట్లో ముగ్గురు గిరాకీలున్నారు. మంచిదే అనుకున్నాను. అంగడివాడికి భయం ఉండేది గిరాకీల ముందు గొడవకే. డబ్బాను బల్ల మీద దించి గొంతెత్తాను. ఎంత ఎత్తానంటే కింద టీ బండి దగ్గరివాళ్ళు పైకి చూశారు.

"కొత్తదంటివి! పరిగెత్తుతాదంటివి! తెలుగు అక్షరం ఒకటి సక్కంగా రాలే. ఆడకూతుర్లు వస్తే ఏదైనా అంటగట్టొచ్చనుకుంటివా?"

అతను తొణకలేదు. గోడ మీది బోర్డు వైపు చెయ్యి చూపించాడు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు. నాకు ఇంకా మండింది. ఎందుకంటే అదే బోర్డు, అవే ఎర్ర అక్షరాలు, మా అంగట్లోనూ ఉంది.

"నన్ను అంటావేమక్కా" అన్నాడు చివరికి. "దేనికని అడిగితిని కదా. నువ్వేమంటివి? ఇంట్లో పడుంటాదని అంటివి. పడుండేదానికి ఇదే ఎక్కువ."

గిరాకీల్లో ఒకడు నవ్వాడు. మోసం చేసి, ఆ మోసానికి నా మాటనే మూటగట్టి నా చేతికే ఇచ్చాడు. వాడిని కొట్టాలనిపించింది. నిజం చెప్తున్నాను, బల్ల మీది కీబోర్డు వైపు చెయ్యి పోయింది కూడా.

పాప నా చెయ్యి పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టింది. తను బల్ల దగ్గరికి పోయి నిలబడింది. ఏదో అంది. పైన ఫ్యాను, పక్కన స్పీకర్లలో పాట, అతనికి వినపడలేదు. "ఏందమ్మా?" అన్నాడు. పాప మళ్ళీ అదే అంది, అదే సన్నటి గొంతుతో. అతను పాట ఆపాడు. అయినా వినపడలేదు. లేచి ఫ్యాను ఆపి, బల్ల మీదికి వంగి, చెవి దగ్గర పెట్టాడు. గిరాకీలు కూడా మాటలాపేశారు. నా అరుపులకు ఆగని అంగడి ఆ గుసగుసకు ఆగింది.

"నాకు గొంతు లేదన్నా" అంది. "బడిలో పని పోయింది. ప్రశ్నపత్రాలు టైపు చేయాల. సోమవారం పొద్దున ఇయ్యాల. ఇస్తేనే పని ఉంటాది. మొన్న ఎత్తి చూసిన చిన్నది ఉండాదా?"

అన్నీ చెప్పేసింది! అక్కర చెప్పేసింది, గడువు చెప్పేసింది, ఏది కావాలో కూడా చెప్పేసింది! ఇక ధర ఏ దేవుడు దించుతాడు? మా నాయన ఉండి ఉంటే చెప్పులు వేసుకుని మెట్లు దిగి, ఇద్దరు కూతుళ్ళనూ అక్కడే వదిలేసి ఆళ్ళగడ్డ బస్సెక్కేవాడు.

"ఉండాది" అన్నాడు అతను. "ముందే చెప్పింటే అదే ఇస్తుంటిని కదమ్మా" అన్నాడు.

"దీంట్లో ఏముంది?" అని పాప నల్ల డబ్బాను చూపించింది.

"పాత బోర్డు, పాత డిస్కు. డబ్బా, లైట్లు కొత్తవి."

నేను లేచి నిలబడ్డాను. "మొన్న మొత్తం కొత్తదంటివి కదరా!"

"డబ్బా కొత్తదే కదక్కా."

"మరి ఆ బరువు?"

"ఇనుమక్కా. ఇనుము బరువు."

ఈ ఎత్తు నాకు తెలియనిదా? బాణలి అడుగున ఒక మందం రేకు అతికించి, బరువు చూపించి అమ్మడానికి తెచ్చే బయటూరి వ్యాపారులను మా నాయన గడప దగ్గరే తిప్పి పంపేవాడు. అతుకు ఎక్కడుందో వేలితో తడిమి చెప్పేదాన్ని నేను. కంప్యూటర్‌కు అడుగు ఎక్కడో, అతుకు ఎక్కడో నాకు తెలియదు. తెలియదని ఒక్క మాట అనలేకపోయాను. వాడి మోసం సగం, నా పొగరు సగం. కాదు, సగం సగం ఎందుకు పంచాలి? వాడి మోసం మొత్తం వాడిదే. నా పొగరు మొత్తం నాదే. దేనికదే.

పాప మాత్రం చిన్న పెట్టె ముందు కూర్చుంది. అతను తెలుగు అక్షరాలు ఎక్కించాడు. అది కిర్రుమనలేదు, వెలగలేదు, అసలు ఉన్నట్టే లేదు. పాప పిల్లలకు డిక్టేషన్ పెట్టినట్టు దానికి పెట్టింది. రాష్ట్రం. లక్ష్మి. స్వాతంత్ర్యం. వస్త్రం. సంస్కృతి. ప్రతి ఒత్తునూ వేలు పెట్టి చూసింది. ఒకటి తప్పు వస్తే అతన్ని లేపి మళ్ళీ సరిచేయించింది. భోజనం వేళయింది. అతను గడియారం చూశాడు. పాప చూడలేదు. ఒక పద్యం, ఒక పట్టిక, పక్కనే ప్రింటరు పెట్టించి ఒక పేజీ తీయించి, కాగితాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని చూసి, అప్పుడు నా వైపు తిరిగి తల ఊపింది.

"ధర?" అన్నాను.

మొదటి రోజు చెప్పిందే చెప్పాడు. ఒక్క రూపాయి దించలేదు. కరెంటు పోయినా కాసేపు నడిపించే పెట్టె కూడా పాప అడిగింది, దానికి వేరే. నల్ల డబ్బాను వెనక్కి తీసుకుంటావా అంటే గోడ మీది బోర్డు వైపు చూడకుండా ఒక రేటు చెప్పాడు. పాత ఇనుప సామాన్లవాడు కూడా అంతకంటే మర్యాదగా చెప్తాడు. "ఆ రేటుకు నీకిచ్చేదానికన్నా మా అంగట్లో పెట్టి పూజ చేసుకుంటా" అన్నాను. మళ్ళీ మోసుకున్నాను. మళ్ళీ లగేజీ టికెట్.

వస్తూ వస్తూ నోరు ఊరుకోలేదు. "కొసరేమన్నా ఉండాదా?" అన్నాను.

"మొన్న ఇచ్చినవి ఉండాయి కదక్కా" అన్నాడు.

ఆదివారం పాప తెల్లవార్లూ కూర్చోవలసిన పని పడలేదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు రెండు పేపర్లూ పూర్తయ్యాయి. సోమవారం పొద్దున నంద్యాల పోయి మేడమ్ చేతికి ఇచ్చింది. నేను వరండాలో నిలబడ్డాను, లోపలికి రావద్దని పాప షరతు.

మేడమ్ పేపర్లు చూసి బాగున్నాయంది. ఒక్క తప్పు కూడా లేదంది. అయితే ఇంకొకామె శనివారమే తెచ్చి ఇచ్చేసిందట. ఆమెవీ బాగానే ఉన్నాయట. పెద్ద తరగతులకు తొందరుంది కాబట్టి ఎనిమిది, తొమ్మిది, పది ఆమెకు అప్పగించేశారట. "ఆరు, ఏడు మీరు చేయండి. వచ్చే ఏడాది చూద్దాం" అంది. పెద్ద తరగతులవే పేపర్లెక్కువ, పనెక్కువ. శుక్రవారం పని వృథా కాకపోతే, శనివారం ఆ డబ్బా మోసుకుని తిరగకపోతే, ఆ పని మా పాపది.

బయటికొచ్చి చెప్పింది. నేను బడి గోడ వైపు తిరిగి తిట్టాను. అంగడివాడిని, బడిని, శాలువాను, బోణీని, కొసరును, అన్నింటినీ. పాప చెప్పుల పట్టీ సరిచేసుకుని, "ఆరు, ఏడు వచ్చినాయి కదా. పద బస్సుకు" అంది. అరిచేదానికి గొంతు ఉన్నదాన్ని నేను, ఏడవాల్సిన కారణం ఉన్న మనిషి తను. బస్సులో నిద్రపోయింది కూడా.

ఇప్పుడు అంగడి వెనక గదిలో ఆ చిన్న పెట్టె ఉంటుంది. పాప అక్కడే కూర్చుని పని చేసుకుంటుంది. వేళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినపడదు. నల్ల డబ్బా ముందు గదిలో బిందెల కింద.

మొన్న ఒకామె వచ్చింది. పెద్ద బాణలి వైపు చూడలేదు. పక్కనున్న జల్లెడను తిప్పుతూ, ఓరగా దాన్నే చూస్తోంది. నాకు తెలియని చూపా అది!

"అదెంత మే? ఊరికే అడుగుతాండా."

"దేనికి?"

"ఏం లేదులే. ఇంట్లో పడుంటాదని."

నాకు నెత్తికెక్కింది. "దేనికో చెప్పు మే! ఎంతమందికి వండుతావు? గ్యాసు పొయ్యా, కట్టెల పొయ్యా? బజ్జీల బండి పెడుతున్నావా, పెళ్ళి చేస్తున్నావా? నోరు తెరిచి చెప్పు, చెప్పకుంటే నేను అమ్మేది లేదు!"

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "ఏంది, కొనేదానికొస్తే కొట్టేటట్టుండావే" అని గొణుక్కుంటూ గడప దిగింది. వెనక గదిలో వేళ్ళ చప్పుడు ఆగింది. పాప తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. భుజాలు ఊగుతున్నాయి. నవ్వుతోంది, శబ్దం లేకుండా.

ఆమె నేరుగా ఎదురంగడికి పోయింది. వాడు రెండు బాణళ్ళు తీసి ముందు పెట్టాడు. ఆమె తేలికదాన్ని పక్కకు జరిపి, రెండోదాన్ని రెండు చేతులా ఎత్తి, బరువు చూసి, తృప్తిగా తల ఊపింది.

నాకు ఒళ్ళు మండిపోయింది.